కుప్పం చదివేదాకా

సూపర్ హీరోల బొమ్మల పుస్తకాలు చదివేవాళ్లం మేం ముగ్గురం. నేను మదనపల్లె టమోటా మండీలో వ్యాపారిని. పుంగనూరులో ఒక టీచరమ్మ, కుప్పంలో ఒక డ్రాయింగ్ మాస్టరు. అందరికీ తల నెరుస్తోంది, ఇంట్లోవాళ్లు నవ్వని రోజు లేదు. కొత్త సంచిక బెంగళూరు నుంచి ముందు నాకొస్తుంది. నేను చదివి, పుంగనూరు బస్సెక్కే తెలిసినవాళ్ల చేతికిస్తాను. టీచరమ్మ చదివి, మళ్లీ కవర్లో పెట్టి కుప్పం పంపుతుంది. కుప్పం చదివేదాకా ఎవరూ అభిప్రాయం చెప్పకూడదనేది మా కట్టుబాటు. మాస్టరే పెట్టించాడు.

ఆయన చదివాక ఫోన్లో ముగ్గురికీ తగువు. నాకు కథ మీద కోపం. చచ్చిన హీరో రెండు సంచికలు తిరక్కుండానే లేచొస్తాడు, మన ఏడుపంతా దండగ. టీచరమ్మకు విలన్ల మీద జాలి. మాస్టరుకు కథతో పనే లేదు, బొమ్మ గీసిన తీరే కావాలి. "గీత సూడప్పా, గీత" అంటాడు.

ఈమధ్య ఆయన దగ్గర్నుంచి మాట రావడం లేదు. అడిగితే "సదవతాండానప్పా" అంటాడు. అక్కడ కథేమో మంచి పట్టులో ఉంది, హీరో మీద భవనం కూలింది. నేనా, కడుపులో మాట దాచుకోలేని మనిషిని. ఓ ఆదివారం టీచరమ్మకు చర్చి అయ్యాక ఇద్దరం కుప్పం బస్సెక్కాం.

మాస్టరు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మేం పలకరించేదాకా వచ్చిందెవరో ఆయనకు తెలియలేదు. దిండు పక్కన మేం పంపిన కవర్లు విప్పకుండానే ఉన్నాయి. షుగరు కళ్లకెక్కిందని, ఆపరేషను చేసినా చూపు రాలేదని, ఇంక రాదన్నారని ఆయన భార్య చెప్పింది.

"మీకు తెలిస్తే పుస్తకం పంపరని సెప్పొద్దన్నాడన్నా" అంది.

టీచరమ్మ ఒక కవరు చించి, ఇంగ్లీషు మాటల్ని తెలుగు చేస్తూ చదివింది. ఆయన కాసేపు విని, "బొమ్మ సెప్పండి" అన్నాడు. నేనందుకున్నాను. అంతా దుమ్ము, రాళ్లు, రాళ్ల సందున హీరో ఎర్రగుడ్డ అంచు.

"ఏ ఎరుపప్పా?"

"మండీలో రెండ్రోజులు నిలవుండిన టమోటా ఎరుపు."

కొంచెం నవ్వాడు. "గీత ఎట్లుండాది? లావా, సన్నమా? యాడ ఆపినాడు?"

పేజీ కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. పెట్టె మూత తీస్తూనే సరుకు ఏ రకమో చెప్పేస్తాను, ఆ ఒక్క గీత లావో సన్నమో మాత్రం తేల్చలేకపోయాను. "బాగుండాది" అన్నాను. ఇంత చేతకానివాణ్ణా అని నా మీద నాకే ఏడుపొచ్చింది.

చివరి పేజీలో హీరో లేచి నిలబడ్డాడు. ఎప్పటిలాగే. ముందే చదివిందైనా నాకు మళ్లీ ఒళ్లు మండింది. కాగితం మీద వీడు ఎన్నిసార్లయినా లేస్తాడు, ఈ మనిషికి మాత్రం పోయిన చూపు రాదు. "వీడు మళ్లా..." అని వాణ్ణి తిట్టిపోయబోయాను. మాస్టరు చెయ్యడ్డం పెట్టాడు.

"ఇప్పుడే వద్దప్పా. నేనింకా సదవలేదు గదా."

పుస్తకాన్ని తడిమి తీసుకుని దిండు పక్కన పెట్టుకున్నాడు.

కొత్త సంచికలు ఇప్పటికీ కుప్పం పోతున్నాయి. ముగ్గురం ఫోన్లో కథ మాట ఎత్తం, వానల గురించి, టమోటా ధర గురించి మాట్లాడుకుంటాం.