చెక్కనీళ్లు పట్టించిన పుస్తకం

నాకు ఇరవై ఏళ్లు నిండేనాటికి ఈ లోకంలో నేను తేల్చని విషయమంటూ ఒక్కటీ మిగల్లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. కళ ఎందుకు, ఎవరి కోసం, సంఘానికీ కవికీ సంబంధం ఏమిటి, అన్నీ ఏలూరు బజారులో మా నాన్నగారి నూలుకొట్టు అరుగు మీద కూర్చునే తేల్చేశాను. వలలు అల్లుకునే నూలు మా దగ్గర దొరికేది. కొల్లేటి లంకల నుంచి చేపలు పట్టేవాళ్లు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. వాళ్లు ఉండలు ఏరుకునేలోగా నేను వాళ్లకి సౌందర్యం గురించి చెప్పేవాణ్ణి. పాపం, నూలు కావాలి గనక వినేవాళ్లు.

ఎప్పుడూ నా చంకలో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. కళ గురించీ సంఘం గురించీ ఎవరో పండితుడు రాసింది. మా గ్రంథాలయానికి కొత్తగా వస్తే మొట్టమొదట నేనే తెచ్చుకున్నాను. గడువు మీద గడువు అడుగుతూ రెండు నెలలు దాన్ని ఊరంతా తిప్పాను. తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చే స్నేహితులతో కాలవగట్టు మీద వాదన మొదలైతే చాలు, "ఇందులో ఏముందో తెలుసా?" అనేవాణ్ణి. దాని లావు చూసే సగం మంది నోరు మూసుకునేవాళ్లు.

కొట్టుకి వచ్చే లంకవాళ్లలో ఒక ముసలాయన ఉండేవాడు. మిగతావాళ్లలా తలూపి ఊరుకోడు, అడుగుతాడు. ఓసారి నా పుస్తకం వైపు చూసి, ఇలాంటివి మా లంకకి ఇవ్వరా అండీ అన్నాడు. ఆయన కోడలు అయిదో తరగతి దాకా చదివిందట. పప్పులూ బెల్లం చుట్టి తెచ్చిన కాగితాలు కూడా విప్పి, సాపు చేసుకుని చదువుతుందట. లంకలో ఉన్న అచ్చుకాగితమంతా ఎప్పుడో అయిపోయిందట. నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చేసింది. ప్రజల కోసం కళ అని రోజూ గొంతు చించుకుంటున్నానా, ఆ ప్రజలే నడిచొచ్చి మా కొట్టు ముందు నిలబడ్డారు.

ఆ సాయంత్రమే లైబ్రేరియన్ గారి ముందు ఉపన్యాసం దంచాను. నెలనెలా ఒక పెట్టెడు పుస్తకాలు దోనె మీద లంకకి పంపాలన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అంతా విన్నారు. పుస్తకం పేజీ మూల మడిస్తేనే రెండు రోజులు అన్నం సయించని మనిషి. చేపల చేతుల్లోకి, నీళ్ల మధ్యకి, అందులోనూ వానాకాలంలో పంపడమంటే ఆయనకి ప్రాణం ఒప్పలేదు. చివరికి ఒక మెట్టు దిగారు. ముందు ఒక్క పుస్తకం పంపు, చెడకుండా తిరిగొస్తే పెట్టె పంపుతాను, చెడిందా, ఆ ఊసు మళ్లీ నా దగ్గర ఎత్తకు అన్నారు.

బుద్ధి ఉన్నవాడైతే ఓ కథల పుస్తకం పంపుతాడు. నేను నా లావుపాటి పుస్తకమే పంపాను, లంకని ఒక్క దెబ్బకి ఉద్ధరించేద్దామని. ముసలాయన దాన్ని కొత్త తువ్వాల్లో చుట్టుకుని వెళ్లాడు.

ఆరు వారాలకి తిరిగొచ్చాడు. పుస్తకాలుండే ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని కోడలు కూడా వెంట వచ్చింది. ముసలాయన తువ్వాలు విప్పాడు. నీలంరంగు అట్ట కాస్తా కాఫీ డికాక్షన్ రంగుకి తిరిగింది. పేజీల అంచులన్నీ అదే రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్మచెక్క వాసన. కొల్లేట్లో కొత్త వలని నీళ్లలోకి దించే ముందు తుమ్మ బెరడు ఉడికించిన చెక్కనీళ్లు పట్టించి ఆరబెడతారు, నానినా నూలు కుళ్లకుండా. ఆ సంగతి నాకు తెలుసు, నూలు అమ్మేది మేమేగా. పుస్తకానికి కూడా పట్టిస్తారని మాత్రం తెలీదు.

ముసలాయన మొహం వెలిగిపోతోంది. "వలకి రెండు పూతలే వేస్తామండీ. దీనికి మూడు వేశాం," అన్నాడు.

నేను ఆయన్ని అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాన్నగారు లోపల్నుంచి వచ్చి, పెద్దాయన మీద ఆ గొంతేమిట్రా అని మందలించేదాకా ఆగలేదు. ముసలాయన తువ్వాలు మడతపెట్టుకుంటూ నిలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, ఇంకో ప్రతి ఎక్కడైనా దొరికితే ఎవరికీ తెలియకుండా మార్చెయ్యొచ్చా అని ఆలోచిస్తున్నాను. పాడైందో లేదో ఆ పుస్తకాలాయన్నే అడుగుదాం పదండి అంటూ కోడలు అప్పటికే మెట్లు దిగింది.

లైబ్రేరియన్ గారు పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకున్నారు. అట్ట నిమిరారు, వాసన చూశారు. పెట్టె సంగతి ఇంతటితో సరి అనుకున్నాను. ఇది ఎవరు చేశారమ్మా అని మెల్లిగా అడిగారు.

"నేనేనండీ," అందావిడ. "పనైపోయాక కూడా, ఎవరూ అడక్కపోయినా ఇంకాస్త శ్రద్ధగా చేసేదే కళ అని అందులో ఉంది కదండీ. మీరు అడగలేదు. అందుకే చేశాను."

ఆ మాట ఎక్కడుందని ఆయన అడిగితే, చివరి పాఠంలోనండీ అంది. ఆయన వెనక నుంచి పేజీలు తిప్పుతూ, ఒక్కో పేజీ ఆగి చూస్తూ, పుస్తకం ముందుదాకా వచ్చారు. అక్కడ కళ్లజోడు పైనుంచి నావైపు చూశారు.

ఆ కాలంలో కొన్ని పుస్తకాలు అచ్చుమడతలు విడదీయకుండానే వచ్చేవి. చదివేవాళ్లే కత్తి పెట్టి ఒక్కో మడతా కోసుకుంటూ పోవాలి. అందులో మొదటి నలభై పేజీలు నేను బ్లేడుతో వంకరటింకరగా కోసినవి. అక్కణ్ణుంచి చివరిదాకా ఆవిడ చేపల కత్తితో తీరుగా, ఒక్క పీచు లేవకుండా కోసుకుంది. రెండు నెలలు ఊరేగించిన పుస్తకాన్ని నేను ఎంతవరకు చదివానో అక్కడ బల్ల మీద అచ్చంగా కనబడుతోంది.

నేను నేలచూపులు చూశాను. ఆవిడే జాలిపడి, మొదట్లో కాస్త కష్టంగా ఉంటుందండీ, తర్వాత బాగుంటుంది అని నాకు ధైర్యం చెప్పింది. లైబ్రేరియన్ గారు తిట్టినా అంత తగిలేది కాదు.

ఆయన తిట్టలేదు. పెట్టె వెళ్తుందన్నారు. కాకపోతే నేనే మోసుకెళ్లాలట. అదీ ఈ పుస్తకం చివరిదాకా చదివి తెచ్చిన రోజున కదులుతుందట. పుస్తకం తీసి మళ్లీ నా చేతుల్లోనే పెట్టారు.

ఇంక చూడండి నా పాట్లు. లంక నుంచి నూలుకి ఎవరొచ్చినా ముందు "ఎన్నో పేజీ అండీ?" అని అడిగేవాళ్లు. ముసలాయనైతే నూలుతో పని లేకపోయినా వచ్చి, అరుగు మీద కూర్చుని, నేను పేజీ తిప్పితే తృప్తిగా తలూపేవాడు. నేను తిట్టినదాని గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. పదకొండు రోజులు నేను ఒక్కరికీ సౌందర్యం గురించి చెప్పకుండా చదివాను. చివరి పాఠం మాత్రం రెండుసార్లు చదివాను.

పుస్తకం పట్టుకెళ్లి లైబ్రేరియన్ గారి ముందు పెట్టాను. "ఆవిడ చెప్పిన మాట ఇందులో ఎక్కడా లేదండీ. అది ఆవిడ సొంత మాట," అన్నాను.

"తెలుసు. ఆ రోజే వెతికాను," అన్నారాయన. "ఆ పెట్టె అటువైపు పట్టు. బరువుంటుంది."