డాక్టర్ బల్ల దాకా నడిచిన రజిని

రజిని మైలపల్లి మీద వచ్చిన ఫిర్యాదు లేఖలో పందొమ్మిది సంతకాలున్నాయి. ఆ ఆదివారం డెట్రాయిట్ బాక్సింగ్ పోటీ హాల్లో స్వయంగా ఉన్నవాళ్లు వారిలో ముగ్గురే. మిగిలిన పదహారు మంది వాట్సాప్‌లో చదివి సంతకం చేశారు. డెట్రాయిట్ పక్కన నోవైలోని మా తెలుగు సంఘం సలహా కమిటీ సభ్యుడిగా ఆ లేఖను నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ కోపం పెరిగింది. కోపంతో చెప్పే సాక్ష్యానికి విలువ తక్కువని నాకు తెలుసు కనుక, చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు విడదీసి రాస్తున్నాను.

రజిని విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ పక్కన వలలు బాగుచేసే ఇంట్లో పుట్టింది. పందొమ్మిదేళ్లకు బాక్సింగ్‌లో రాష్ట్ర చాంపియన్ అయింది. ఆ తరువాత జాతీయ పోటీల్లో రెండు కాంస్యాలు సాధించింది. భర్త మోహన్ ఇక్కడ కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆమెది డిపెండెంట్ వీసా, జీతం తీసుకునే పనేదీ చేయరాదు. అందువల్ల ఆరేళ్లుగా ప్రతి శనివారం కమ్యూనిటీ హాలు వెనుక గదిలో మన ఆడపిల్లలు పదకొండు మందికి ఉచితంగా బాక్సింగ్ నేర్పుతోంది. పోటీల్లో శిష్యుల పక్కన నిలబడేందుకు కావలసిన కోచ్ గుర్తింపు పరీక్షను సొంత ఖర్చుతో పాసైంది.

ఆ పదకొండు మంది పిల్లల్లో అందరికన్నా సమర్థురాలు పదిహేడేళ్ల అవని. తండ్రి వేణుమాధవ్ చెడ్డవాడు కాడు. కూతురిని వారానికి మూడు రోజులు మంచులో నలభై నిమిషాలు డ్రైవ్ చేసి జిమ్‌కు తీసుకువెళ్లేవాడు. కానీ అతనికి బాక్సింగ్ అంటే పట్టిక. చరిత్రలో అత్యుత్తమ బాక్సర్లు పదిమందిని విజయాల శాతాలతో సహా వరుసపెట్టి, ఆ ఛార్టును శిక్షణ గది గోడకు అంటించాడు. షుగర్ రే రాబిన్సన్ మొదటివాడు, మహమ్మద్ అలీ రెండోవాడు, ఈ డెట్రాయిట్‌లోనే పెరిగిన జో లూయిస్ మూడోవాడు. ఎవరు ఎన్ని గెలిచారో అందులో ఉంది. చివరికి వాళ్ల తలలకు ఏమైందో చెప్పే గడి మాత్రం లేదు. రాబిన్సన్ చివరి రోజుల్లో మతిమరుపు వ్యాధితో పోయాడు. అలీ చేతులు ఎలా వణికాయో ప్రపంచమంతా చూసింది.

రాష్ట్ర పోటీ ఫైనల్‌కు మూడు రోజుల ముందు, గురువారం సాయంత్రం, జిమ్‌లో రజిని దగ్గరుండి చేయిస్తున్న ప్రాక్టీసులో అవనికి చెవి పైభాగాన దెబ్బ తగిలింది. పడలేదు, నవ్వింది కూడా. కానీ రెండు నిమిషాల్లో మూడుసార్లు "ఆంటీ, ఇది ఎన్నో రౌండ్?" అని అడిగింది. రజిని వెంటనే గ్లవ్స్ విప్పించి, తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రికి స్పష్టంగా చెప్పింది: డాక్టరుకు చూపించండి, ఆదివారం ఆడకూడదు. అతను సరేనన్నాడు. ఇది రజిని, వేణుమాధవ్ ఇద్దరూ ఒప్పుకున్న విషయం.

ఆదివారం ఉదయం రజిని మైత్రి అనే మరో అమ్మాయికి కోచ్‌గా హాలుకు వెళ్లింది. అక్కడ జాబితాలో అవని పేరు కనిపించింది. కోచ్ స్థానంలో వేరే జిమ్ మనిషి పేరుంది. కుర్చీలో అవని నాయనమ్మ నాగమణి గారు స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఆమె ఆర్నెల్ల కోసం రాజమండ్రి నుంచి వచ్చారు.

"రా అమ్మాయ్! పిల్లకి రాత్రంతా ఒకటే తలనొప్పి. పొద్దున్నే మనూరి మాత్ర వేశాను. ఇట్టే తగ్గిపోయింది, చూడు!"

సూట్‌కేసులో మందుల డబ్బా తేని తెలుగు కుటుంబం ఈ ఊళ్లో లేదు. ఆ పెద్దావిడ ప్రేమతో చేసింది, ఆమెను నేను తప్పుపట్టను. కానీ అప్పటికే పోటీ డాక్టరు "తలనొప్పి ఏమైనా ఉందా?" అని అడగడం, మాత్ర పనిచేస్తున్న పిల్ల "నో" అనడం, ఆయన సంతకం పెట్టడం పూర్తయ్యాయి.

రజిని వేణుమాధవ్ దగ్గరకు వెళ్లింది. తరువాతి మాటలు పక్కనే ఉన్న మైత్రి నాకు చెప్పింది.

"రజిని గారూ, ప్లీజ్. ఒక్క బౌట్. కాలేజ్ అప్లికేషన్‌లో స్టేట్ టైటిల్ అంటే ఎంత వెయిటో మీకు తెలీదు. అలీ దవడ విరిగినా ఫైట్ చేశాడండీ!"

"చేశాడు. ఆ ఫైట్ ఓడిపోయాడు కూడా. అది మీ ఛార్ట్‌లో రాశారా?"

"ఫ్రేజియర్‌కి కళ్లు కనబడకపోయినా మనీలాలో పద్నాలుగు రౌండ్లు..."

"పదిహేనోది ఎందుకు లేదు? కోచ్ ఆపాడు. ఎడ్డీ ఫచ్ అని, ఈ డెట్రాయిట్ మనిషే. ఫ్రేజియర్ ఆడతానని బతిమాలినా ఆపాడు. నా లెక్కలో గ్రేటెస్ట్ ఆయనే. మీ పదిమందిలో లేడు."

"మీరిప్పుడు అవని కోచ్ కాదు. వేరే కోచ్ ఉన్నాడు."

"అవును. నోరుంది కదా ఇంకా."

ఆమె హాలు దాటి డాక్టరు బల్ల దగ్గరకు నడిచి గురువారం దెబ్బ, మూడుసార్లు అడిగిన ఒకే ప్రశ్న, పొద్దుటి మాత్ర, అన్నీ చెప్పింది. డాక్టరు అవనిని మళ్లీ పిలిచి అయిదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమన్నాడు. ఆ అమ్మాయికి రెండే గుర్తున్నాయి. ఆయన ఆమె పేరు కొట్టేసి, కనీసం ముప్ఫై రోజులు రింగులోకి రాకూడదని పోటీ పుస్తకంలో రాశాడు.

లేఖలోని నేరం ఇదే: "మన పిల్లను బయటివాళ్లకు పట్టించింది."

కమిటీ సమావేశం వేణుమాధవ్ ఇంటి బేస్‌మెంట్‌లో జరిగింది. ఫిర్యాదుదారు ఇంట్లో విచారణ ఏమిటని అడిగితే, పార్కింగ్ సౌకర్యం బాగుంటుందన్నారు. వేణుమాధవ్ సోమవారం తీయించిన స్కాన్ నివేదిక ఎత్తి చూపించాడు.

"నార్మల్! బ్లీడింగ్ లేదు, ఏం లేదు. ఇప్పుడు నా కూతురి టైటిల్ ఎవరిస్తారు?"

ఆ కాగితం తీసుకుని చివరి పేరా నేను పైకి చదివాను. స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన తలకు దెబ్బ లేదని అనుకోరాదని అందులోనే ఉంది. సంఘం అధ్యక్షుడు అప్పారావు దాన్ని నా చేతిలోంచి తీసుకుని వేణుమాధవ్‌కు తిరిగి ఇచ్చేశాడు.

"అమ్మా రజినీ, తప్పు నీదని ఎవరూ అనట్లేదు. ఒక్క సారీ చెప్పేస్తే అయిపోతుంది కదా."

"తప్పు నాది కాకపోతే సారీ ఏటికండీ?"

"డాక్టర్ దగ్గరికి పోయేముందు మాలో ఒకరికి ఫోన్ కొట్టొచ్చుగా?"

"కొట్టి ఏటి అడగాలి సార్? పిల్ల తలకాయ మీద ఓటింగ్ పెట్టమనా?"

తరువాత ఆమె మెట్ల మీద కూర్చున్న అవని వైపు తిరిగింది.

"అవనీ, గురువారం జిమ్ నుంచి నిన్ను ఇంటికి ఎవరు తీసుకొచ్చారు?"

"ఐ థింక్... అమ్మ?"

"నేను కాదమ్మా," అంది తల్లి ఉష. "నేను ఆఫీస్‌లోనే ఉన్నా ఆ రోజు."

తీసుకొచ్చింది వేణుమాధవ్. దారిలో ఆగి ఇద్దరూ పిజ్జా కూడా తిన్నారట. "పైనాపిల్ వద్దని నాతో గొడవ పడ్డావు కదరా," అన్నాడతను. "పిజ్జా తిన్నామా?" అని ఆ అమ్మాయి తండ్రినే అడిగింది. ఆ సాయంత్రం ఆమె జ్ఞాపకంలోనే లేదు. అతను నివేదికను మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతకుమించిన సాక్ష్యం ఏ విచారణలోనూ నేను చూడలేదు.

అయినా ఓటు జరిగింది. రజిని ఉద్దేశం మంచిదే గానీ విషయాన్ని మనలో మనం చూసుకోవలసిందని, హాలు గదిని ఆమెకు ఇక ఇవ్వరాదని తీర్మానం. వేణుమాధవ్ దేనికీ అడ్డు చెప్పలేదు. నలుగురు చేతులెత్తారు. నేను ఎత్తలేదు. మన పరువు పిల్ల మెదడుకన్నా పెద్దదని చదువుకున్న నలుగురు మనుషులు రాతపూర్వకంగా నిర్ణయించారని మినిట్స్‌లో రాయమన్నాను. రాయలేదు. కనుక ఇక్కడ రాస్తున్నాను.

తరువాతి శనివారం రజిని తన గరాజ్‌లోంచి కారు బయటపెట్టి, హీటరు వేసి క్లాసు నడిపింది. పదకొండు మందిలో ఏడుగురు వచ్చారు. అవని కూడా వచ్చింది. చేతికి గ్లవ్స్ లేవు. స్టాప్‌వాచ్ పట్టుకుని రౌండ్లకు టైమ్ చెబుతూ కుర్చీలో కూర్చుంది. వేణుమాధవ్ వీధిలో ఇంజను ఆపకుండా కారులోనే ఉన్నాడు. క్లాసు చూద్దామని వెళ్లిన నన్ను చూసి అద్దం దించాడు.

"అంకుల్, అవని మళ్లీ ఎప్పుడు ఆడొచ్చంటారు?"

"ఆవిడ లోపలే ఉంది వేణూ. దిగి వెళ్లి అడుగు."

అతను గరాజ్ వైపు చూశాడు గానీ దిగలేదు. అద్దం పైకెత్తుకున్నాడు.