మాస్టర్‌కు నేను పెట్టిన ఆల్బం

మా టైలర్ మాస్టర్ పోయాడని పొద్దున చాయ్ తాగుతుండగా ఫోనొచ్చింది. చేసింది ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి. "తమ్మీ, మీ మాస్టర్ పోయిండు. మైకు గియికు తేకు, ఊకె రా" అన్నది. నాది మైక్‌సెట్ దుకాణం. గద్వాలలో పెళ్లయినా చావైనా మోత నాదే. మొగుడు పోయిన కబురులో కూడా నాకో చురక పెట్టిందంటే, ఆ ఇంట్లో నా పేరు ఎంత చక్కగా ఉందో మీరే అర్థం చేసుకోండి.

ఆనాటి నుంచి ఒక సంగతి నన్ను తొలుస్తూ వచ్చింది. ఆయన ఆఖరుసారి విన్న ఆల్బం నేను ఎంచిందే. ఇష్టపడి విన్నాడా, నోరు లేక భరించాడా?

మాస్టర్ వయసులో ఉండగా బొంబాయికి వలసపోయాడు. మా పాలమూరు వాళ్లు అక్కడ మట్టి తట్టలు మోస్తే, ఈయన ఒక పెద్ద హోటల్లో బ్యాండు వాయించేవాళ్లకు కోట్లు కుట్టాడు. కొలతలకు పోయినప్పుడల్లా వాళ్ల వాయింపు వింటూ నిలబడి, జాజ్ పిచ్చి అంటించుకొని గద్వాలకు తెచ్చాడు. ఊళ్లో టైలర్లందరి దగ్గరా సినిమా పాటలు మోగుతుంటే ఈయన మిషన్ పక్కన జాజ్, లేకుంటే ఇంగ్లీషు పాప్. మొదట్లో క్యాసెట్లు, తర్వాత పెన్‌డ్రైవ్.

చెప్పిన రోజుకు బట్టలిస్తే వాడు టైలరే కాడు. మాస్టర్ ఆ ఆలస్యాన్నీ పనికి పెట్టాడు. చొక్కా కోసం వచ్చినవాణ్ణి "గుండీలే మిగిలినయి, కూసో" అని స్టూలు మీద కూర్చోబెట్టి ఆల్బం పెట్టేవాడు. అది పూర్తయ్యేదాకా ఆ గుండీలు పూర్తయ్యేవి కావు.

నన్నూ అట్లాగే కూర్చోబెట్టాడు. ఒక బాకా లేచింది. "ఏంది మాస్టర్, గిన్నెల దుకాణంల పిల్లులు కొట్లాడుతున్నయా?" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. పాట ఆపి, "తప్పు నాదే. నీకు గిది ఇప్పుడే పెట్టొద్దుండె" అని ఇంకోటి పెట్టాడు. ఒక ఆడమనిషి గొంతు, వెనక నిమ్మళంగా గిటారు. పాప్ పాటలు. "కొత్తోడు మొదలు గొంతున్నది వినాలె. గొంతు చెయ్యి పట్టుకొని నడిపిస్తది. తర్వాత పియానో. బాకా ఆఖరుకు. అది చెయ్యి ఇడిసిపెడ్తది" అన్నాడు.

ఎవరికి ఏ ఆల్బమో కొలత తీసేటప్పుడే తేల్చేవాడు. టేపు చుట్టగానే పొట్ట లోపలికి గుంజేవాడికి గంతులేయించే పాప్. పొట్టను దాని మానాన వదిలేసేవాడికి పియానో. కొత్తకోట నుంచి వచ్చిన లారీ మెకానిక్‌కు ఒక జాజ్ ఆల్బం ఎక్కించి ఇస్తూ, "డ్రమ్ములాయన ఒక్కణ్ణే పట్టుకొని పో. మిగిలినోళ్ల సంగతి మల్ల చూద్దాం" అన్నాడు. ఆ మెకానిక్ ప్యాంటుకు వచ్చినప్పుడు, "ఇంజను మిస్ కొట్టినట్ల కొడ్తడు మాస్టర్, గని బండి ఆగదు" అన్నాడట. ఆ మాటను మాస్టర్ గద్వాలంతా చెప్పుకొని తిరిగాడు. సొంత కొడుకుకు ఉద్యోగమొచ్చినా ఎవరూ అంత తిరగరు.

ఒకసారి నాకు ఒక్క పాట మాత్రం ఫోన్లో వేయమన్నాను. "ఆల్బం అంటె అంగి. ఒక్క పాటంటె చెయ్యి. ఒక్క చెయ్యి తొడుక్కొని బజారుకు పోతవా?" అన్నాడు.

"నువ్వు కుట్టేసరికి గా ఒక్క చెయ్యే తయారుంటది మాస్టర్, ఏం జేయాలె" అన్నాను. నవ్వి, పంటితో దారం తెంపాడు.

దుకాణం వెనకే ఇల్లు. "గా మోత బందు జెయ్యి, కుక్కర్ కూత వినపడ్తలేదు" అని అక్క లోపలి నుంచి అరిచేది. ఊరందరికీ చెప్తావు, అక్కకొక ఆల్బం చెప్పలేవా అని అడిగితే, "ఇంట్లోళ్ల బట్టలు కొలత తీయకుంటనే కుడ్తం. అందుకే సరిగ రావు" అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

మొన్నటి ఎండాకాలంలో పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక అక్క నన్ను పిలిచింది. "మాట లేకపాయె, పాటన్న విననీ. ఏది పెట్టాల్నో నాకు తెల్వదు, నువ్వే పెట్టు."

ఆయన ఒక్కడే ఉన్నప్పుడు వినే ఆల్బం ఏదో నాకు తెలుసు. మొదటి నుంచి చివరిదాకా బాకా. తిడుతున్నట్టు ఉంటుంది, ఉన్నట్టుండి ఏడుస్తుంది. మంచంలో ఉన్న మనిషికి ఇదేం పెడతామని భయపడి, ఆ ఆడమనిషి గొంతు పెట్టాను. కొత్తవాళ్లకు పెట్టేది. కాసేపటికి ఆయన ఎడమచెయ్యి లేచింది, పడింది, మళ్లీ లేచింది. "తాళం ఏస్తుండు" అన్నది అక్క. ఆయన మాత్రం నన్నే చూస్తున్నాడు. కత్తెర తప్పుపడ్డ గుడ్డను చూసే చూపు అది. "బందు జేద్దామా అక్కా?" అన్నాను. "ఉండనీ" అన్నది. చివరిదాకా మోగింది. ఆ వారంలోనే ఫోనొచ్చింది.

దినాలు అయిపోయాక, ఎవరి బట్టలు వాళ్లకు అప్పజెప్పడానికి అక్క దుకాణం తెరిచింది. సాయం పోయాను. ఒడిలో సగం కుట్టిన చొక్కా పెట్టుకొని, నా ముఖం చూడకుండా అన్నది:

"తమ్మీ, గా దినం ఆయన తాళం ఏయలే. బందు జెయ్యమన్నడు."

"నీకెట్ల తెల్సు?"

"అన్నం సాలంటె గూడ గట్లనే లేపుతుండె చెయ్యి. నాకు తెల్వదా?"

"మరి ఉండనీ అన్నవ్ గద అక్కా."

ఒడిలో చొక్కాను సాపు చేసింది. "నాకు మంచిగనిపించింది. ఇన్నేండ్లు మోతనే విన్న, ఆయన పాట నా చెవుల పడ్డది గా ఒక్కనాడే. ఇంక జర విందామనుకున్న" అన్నది.

ఎవరేమన్నా ఎదురు వేసే నాకు కోప్పడాలా, ఓదార్చాలా తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"ఆయన ఒక్కడే ఉన్నప్పుడు వినేటిది పెట్టు" అన్నది.

"నీకు పడదక్కా. గది అన్నిటికంటె ఆఖరుకు వినేటిది."

"నాకింక మొదలేంది, ఆఖరేంది. పెట్టు."

పెట్టాను. బాకా లేచింది. అక్క ముఖం చిట్లించింది, ఆపమని మాత్రం అనలేదు. మిషన్ కుట్టుకు ముందు మాస్టర్ చొక్కాకు చేత్తో వేసిన కచ్చా కుట్టు కొస దొరకబుచ్చుకొని లాగడం మొదలుపెట్టింది. తెల్లదారం ఊడివస్తూ ఆమె చూపుడువేలికి చుట్టుకుంటోంది. బాకా హెచ్చిన చోటల్లా దాన్ని బిగించింది. వేలి కొస ఎర్రబడింది. లాగుతూనే ఉంది.