ఇద్దరూ ఒకే మాట చెప్పాలి

మా అత్త పోయిందని ఊరికి ఫోన్ చేస్తే, ఆమె చెల్లెలు ఏడుపు ఆపుకుని మొదట అడిగింది ఒకటే. "జబ్బు సంగతి అక్కకు చెప్పారా?"

చెప్పామన్నాను.

"అయ్యో, నోరెట్టా వచ్చిందమ్మే మీకు!" అని ఫోన్ పెట్టేసింది.

మా వైపు జబ్బు ముదిరిందని తెలిస్తే ఆ మనిషికి చెప్పరు. ఏం తినాలనుందో అడిగి వండిపెడతారు. చూడని క్షేత్రం ఏదన్నా ఉంటే తీసుకెళ్లి చూపిస్తారు. మేము అలా ఎందుకు చేయలేదో ఫోన్లో రెండు మాటల్లో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

ఒంగోలు దగ్గరి పల్లె నుంచి సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్‌కు వచ్చేటప్పటికే ఆమెకు అరవై దాటాయి. ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. లిటిల్ ఇండియాలో మునక్కాయ విరిచి చూస్తే గానీ సంచిలో వేయనిచ్చేది కాదు. ట్రైన్ ఎటు పోతుందో ఒకరిని అడిగి ఊరుకునేది కాదు, కాస్త దూరంగా నిలబడిన ఇంకొకరిని కూడా అడిగేది. "ఒకరు చెబితే మాట. సంబంధం లేని ఇద్దరు ఒకటే చెబితే నిజం" అనేది. నేను పెట్టిన కాఫీలో చక్కెర వేశానా లేదా అని నన్నొకసారి, మా ఆయన్నొకసారి అడిగిన రోజులున్నాయి. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకునే రోజులవి. మా ఆయన పని నచ్చి, వాళ్ల చిన్న కంపెనీ మా ముగ్గురికీ క్రొయేషియాలో తెరచాప పడవ మీద వారం రోజుల విహారం బహుమానంగా ఇచ్చింది. టికెట్లు చేతికొచ్చాక కంపెనీ మూతపడింది. "పడవకు కట్టిన డబ్బు ఎటూ తిరిగి రాదు, వెళ్లొచ్చాక వెతుక్కుంటాను, అమ్మకు మాత్రం చెప్పకు" అన్నాడు. అంతకుముందు వారమే ఆమెకు గుండెల్లో నొప్పి వస్తే పరీక్షలు చేయించాం. గ్యాస్ అన్నారు. ఆ పరీక్షలూ ఈ విహారమూ ఆమె లెక్కలో ఒకటవుతాయని మాకు తట్టలేదు.

స్ప్లిట్ అనే ఊళ్లో పడవ ఎక్కాం. ఎక్కేముందు ఆమె కొంగుముడి విప్పి సముద్రంలో పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టుకుంది. పడవ నడిపే కెప్టెన్ తల నెరిసిన మనిషి, మాటలు తక్కువ. ఆమె దణ్ణం పూర్తయ్యేదాకా తాడు విప్పకుండా ఆగాడు. అక్కడి నీళ్లు అడుగున రాళ్లు కనపడేంత తేటగా ఉంటాయి. "ఇంత తేటగా ఉంటే లోతు లేదనుకుని దిగి చస్తారు" అంది. గాలికి తెరచాప నిండి పడవ ఒక పక్కకు ఒరిగితే కడ్డీ పట్టుకుని, "ఇది ఒరగాల్సిందేనా?" అని కొడుకుని అడిగింది. కెప్టెన్‌ను చేత్తో సైగ చేసి అడిగింది. ఇద్దరూ అవునన్నాక కడ్డీ వదిలింది.

బ్రాచ్ దీవి దాటి హ్వార్ చేరాం. ఒడ్డున తెల్లరాతి ఇళ్లు, వెనక కొండమీద ఊదారంగు లావెండర్ చేలు. మా ఆయన ఆమెను సంతోషపెట్టాలని, "అమ్మా, ఏం తింటావు? ఇంకా ఏం చూస్తావు?" అని గంటకోసారి అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా ఆమె ముఖం ముడుచుకుపోతోంది. కాల్చిన చేప పళ్లెంలో అలాగే వదిలేసింది. నన్ను పక్కకు పిలిచి, "వాడికి సెలవెట్టా దొరికింది?" అంది. ఆఫీసువాళ్లే ఇచ్చారన్నాను. మా ఆయన్ను అడిగితే తనే పెట్టానన్నాడు. ఆ తర్వాత ఆమె మాతో మాట్లాడటం తగ్గించింది.

వీస్ దీవిలో ఆగిన మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. అయినా కెప్టెన్ కదలనన్నాడు. దూరంగా ప్రధాన భూమి కొండల నెత్తిన తెల్లమబ్బు కూర్చుందనీ, బురా అనే చలిగాలి దిగుతుందనీ చెప్పాడు. మధ్యాహ్నానికి రేవులో పడవల తాళ్లన్నీ ఈలలు వేశాయి. "ఈయనొక్కడే నమ్మదగ్గ మనిషి. బాగుండే ఆకాశాన్ని కూడా నమ్మలా" అంది మా అత్త.

గాలి తగ్గాక రేవు గట్టుమీద కూర్చుని మా ఇద్దరినీ పిలిచింది.

"నాకెన్ని రోజులన్నారు?"

మాకు అర్థం కాలేదు.

"డాక్టరు ఎన్ని రోజులన్నాడురా? మీ నాయనకు నేనూ ఇట్టాగే చేశా. శ్రీశైలం తీసుకుపోయి పాతాళగంగలో పడవెక్కించా. అడిగిందల్లా తినిపించా. ఆయనకేం తెలియదనుకున్నా. తిరిగొస్తా బస్సులో అడిగాడు, 'ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకే తిప్పుతుండావు' అని. కిటికీలోంచి బయటికి చూసి ఊరుకున్నా. ఆ మనిషి ఇంకెవర్నీ అడగలా."

మా ఆయన ఆమె పక్కన కూలబడ్డాడు. "అమ్మా, నీకేం లేదు. నా ఉద్యోగం పోయింది. కంపెనీ మూసేశారు."

"పోరా అబద్ధాలకోరు."

"నిజం అత్తా" అన్నాను.

"నువ్వాగమ్మే. ఒరే, నువ్వు ఆ చివరిదాకా పో. వెనక్కి చూసినా, సైగ చేసినా ఊరుకోను."

అంత పెద్ద ఇంజనీరు చేతులు వెనక్కి కట్టుకుని గట్టు చివరిదాకా నడిచాడు. ఆమె నన్ను అడిగింది. కంపెనీ తలుపులకు తాళం ఎవరు వేశారు? తోటివాళ్లు ఏమయ్యారు? వాడు ఇంటికొచ్చి మొదట ఏమన్నాడు? తర్వాత నన్ను గట్టు చివరికి పంపి అవే కొడుకుని అడిగింది. నేను తిరిగొచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పరిగెత్తాను. నవ్వుతోంది.

"ఉద్యోగమేనా! ఉద్యోగం పోయినోడివి పడవలెక్కి ఊరేగుతుండావంట్రా! అట్టాంటి చేప ఇక్కడా దొరికిద్దేమో, తీసుకురాపో."

చేప తిని, ముళ్లు పళ్లెం అంచున పెట్టి, చేయి కడుక్కున్నాక చెప్పింది. "రేపు నాకు నిజంగా ఏదన్నా వస్తే, మీ నాయనకు నేను చేసినట్టు నాకు చేయొద్దు. ముందు నాకే చెప్పండి. ఇద్దరూ చెప్పాలి. విడివిడిగా."

సింగపూర్ తిరిగొచ్చేసరికి ఆ ఎగబడే రోజులు పోయాయి, మా ఆయనకు ఉద్యోగం దొరకడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా ఆమె మునక్కాయలు విరవడం మానలేదు.

మొన్న ఆమెకు నిజంగానే తగ్గని జబ్బు వచ్చింది. ఆసుపత్రి వరండాలో మా ఆయన నన్ను ఆపాడు. "ఊరు తీసుకెళ్దాం, ఏమీ చెప్పకుండా" అన్నాడు. నాకూ అదే తేలికనిపించింది. కానీ ఆమె అడుగుతుందని ఇద్దరికీ తెలుసు. ముందు తను లోపలికి వెళ్లి చెప్పి, నన్ను చూడకుండా నా పక్కనుంచి వెళ్లిపోయాడు. తర్వాత నేను వెళ్లాను.

"నువ్వు చెప్పు" అంది.

చెప్పాను. డాక్టరు అన్నమాట అన్నట్టే, తగ్గించకుండా. ఆమె నా ముఖం వైపు చూస్తూ వింది.

"సరే, ఇద్దరూ ఒకటే చెప్పారు" అని, మంచం మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.

కిటికీలోంచి తంజోంగ్ పగార్ రేవు వైపు క్రేన్లు, వాటి అవతల సముద్రం కనపడుతున్నాయి. దూరంగా ఒక ఓడ ఉంది. అది కదులుతోందో ఆగి ఉందో అక్కడినుంచి తెలియడం లేదు. ఆమె కళ్లు చిట్లించి దాన్నే చూస్తూ కూర్చుంది. చాలాసేపు చూసింది. కదులుతోందా అని నన్ను అడగలేదు.