దేవుడి ముందు పీతల అన్నం

చువాంగ్ జుయింగ్ తండ్రి తైనాన్‌లో పెళ్ళిళ్ళకీ గుడి ఉత్సవాలకీ వీధిలోనే పందిరి వేసి వండిపెట్టే మనిషి. ఎర్ర పీతలు పరిచిన జిగురన్నం బల్ల మీదకి రాకపోతే ఆయన లెక్కలో అది శుభకార్యమే కాదు. ఆ ఇంటి పిల్ల ఎంగిలి పళ్ళేలు కడుగుతూ, చుట్టాల్ని కూర్చోబెడుతూ పెరిగి, చివరికి కళాసంస్థల నిర్వహణలో పీజీ చేస్తానని పట్టుబట్టింది. ఆడేవాళ్ళు ఆడతారు, చూసేవాళ్ళు చూస్తారు, మధ్యలో నువ్వు నిర్వహించేదేంటే అని తండ్రి వెక్కిరించాడు. వెక్కిరించాడే గానీ చేర్పించాడు కూడా.

ఆ చదువు ఆఖర్న ఒక ప్రదర్శన మొత్తం సొంతంగా నడిపి చూపించాలి. అది గట్టెక్కితేనే పట్టా. పట్టా వస్తేనే రాజధాని తైపేలో పెద్ద రంగశాల వాళ్ళు ఇస్తామన్న ఉద్యోగం. ఆ ఉద్యోగం కోసం జుయింగ్ ఎంత కలవరించిందో చెప్పలేను, అక్కడి మెట్ల ఫోటో ఫోన్లో పెట్టుకుని తిరిగేది.

ప్రదర్శనకి హోంగ్ పిన్ని నాటక సమాజాన్ని ఎంచుకుంది. గుళ్ళ ముందు పాటల నాటకాలు ఆడే సమాజం అది. అరవై దాటినా రాకుమారుడి వేషం హోంగ్ పిన్నే కడుతుంది. ఆవిడ వేదిక మీద నడిచొస్తే ముసలమ్మలు కూడా సిగ్గుపడిపోతారు. నోరు మాత్రం మహా చెడ్డది.

ఉత్సవం రోజు సాయంత్రానికి అన్నీ సిద్ధం. దీపాలు వెలిగాయి, కుర్చీలు నిండాయి, మార్కులు వేసే గో మేడమ్ ముందు వరసలో కూర్చుంది. అప్పుడొచ్చింది తండ్రి వ్యాను. ఏం పంపమంటావని ఆయన పొద్దున ఫోన్ చేస్తే, శుభకార్యానికి ఏది చేస్తావో అదే తీసుకురా నాన్నా అంది జుయింగ్. పనిలో పడి అంతకన్నా ఆలోచించలేదు. వాళ్ళింట్లో ఏది వండినా మొదట దేవుడికి పెట్టాలి. అందుకని వేదిక వెనక చిన్న పీట మీద ఉన్న నాటకాల దేవుడు తియన్‌దూ సేనాని ముందు, పొగలు కక్కుతున్న పీతల అన్నం తన చేత్తోనే పెట్టి దణ్ణం పెట్టుకుంది.

డప్పు వాయించే ఆయన పుల్లలు కింద పెట్టేశాడు. సగం రంగు పూసుకున్న మొహాలన్నీ ఇటు తిరిగాయి.

"బయటికి తీసెయ్ దాన్ని," అంది హోంగ్ పిన్ని. "పసిగుడ్డప్పుడు ఈ దేవుణ్ణి ఎవరో పొలంలో పారేసి పోతే, పీతలే నోట్లో నురగ పోసి బతికించాయి. మా వాళ్ళెవరూ పీత ముట్టరు. ఆయన్ని పెంచిన తల్లుల్ని వండి ఆయన ముందే పెట్టావు కదే. ఇన్నాళ్ళు చదివావు, ఇది చెప్పలేదా మీ మేడమ్?"

జుయింగ్ గబుక్కున ఆ అన్నం తీసి బయట పెట్టొచ్చింది. తండ్రి గిన్నె మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దేవుడు సరేననేదాకా ఎవరూ వేదిక ఎక్కరు, ఏమిచ్చి ఒప్పించుకుంటావో నువ్వే అడుగు అని హోంగ్ పిన్ని దేవుడి జవాబు తెలుసుకోవడానికి నేల మీద వేసే చంద్రవంక చెక్కలు రెండూ ఆ పిల్ల చేతిలో పెట్టింది.

పళ్ళూ అగరొత్తులూ ఇస్తానని వేసింది. రెండు చెక్కలూ వెల్లకిలా పడ్డాయి. అవుననీ కాదనీ అనకుండా దేవుడు నవ్వుతున్నాడన్నమాట. జన్మలో పీత తిననంది. రెండూ బోర్లా పడ్డాయి, కుదరదు పొమ్మన్నాడు. ఇక మీదట నేను పీత వండనని తండ్రి అన్నాడు, ఆయనకది కుడిచెయ్యి నరుక్కున్నంత పని. మళ్ళీ బోర్లా. బయట జనం ఈలలు మొదలెట్టారు. ఇప్పుడు మొదలవకపోతే తప్పినట్టే రాసుకుంటానని గో మేడమ్ కబురంపింది.

జుయింగ్‌కి భయం పోయి కోపమొచ్చింది. ఇంకేం కావాలి నీకు అని దేవుడితో పోట్లాటకి దిగింది. తన దగ్గర ఇంకేం ఉంది గనక.

"తైపే వెళ్ళను. ఇక్కడే ఉండి ఈ సమాజం పనులు చూసుకుంటాను."

చెక్కల్లో ఒకటి బోర్లా పడింది, ఒకటి వెల్లకిలా. సరేనన్నాడు. కంచు గంట మోగింది, హోంగ్ పిన్ని కిరీటం సర్దుకుని వేదికెక్కింది.

నాటకం అద్భుతంగా వచ్చింది. గో మేడమ్ స్వయంగా వెనక్కొచ్చి, పాసయ్యావు, తైపే వాళ్ళు అదృష్టవంతులు అని భుజం తట్టి వెళ్ళింది. అప్పటిదాకా బిగబట్టుకున్న తండ్రి హోంగ్ పిన్ని దగ్గరికెళ్ళి చేతులు జోడించాడు. తెచ్చింది నేను, దాని బదులు నేనుంటాను, బతికినన్నాళ్ళు మీ వాళ్ళందరికీ వండిపెడతాను, దాన్ని వదిలెయ్యమని బతిమాలాడు.

హోంగ్ పిన్ని రంగు తుడుచుకోవడం ఆపింది. ఆవిడ గొంతులో ఆ రోజు మొదటిసారి జాలి వినిపించింది. "మాటిచ్చింది నువ్వు కాదుగా అన్నయ్యా," అంది.

"ఊరుకో నాన్నా," అంది జుయింగ్. "ఆయన కాదన్నప్పుడల్లా మళ్ళీ అడిగాను. అవునన్నాక తప్పించుకుంటే ఏం బాగుంటుంది?"

అక్కడే నిలబడి తైపేకి ఫోన్ చేసింది. రాలేనని చెప్పింది, క్షమించమంది, కారణం అడిగితే ఇంటి విషయమంది. ఫోన్ పెట్టేశాక మాత్రం నేల మీద కూలబడి, చిన్నపిల్లలా గుక్కపెట్టి ఏడ్చింది.