కాటా తమ్ముడి వంట

అతని ఫోన్‌లో పదకొండు వందల నలభై మూడు వంటలు దాచి ఉన్నాయి. అన్నీ ఒకే ఫోల్డరులో. దాని పేరు 'తర్వాత'.

లారీల కాటా మీద పనిచేసేవాడికి మధ్యమధ్యలో తీరిక దొరుకుతుంది. లోడు లారీ కాటా ఎక్కుతుంది, అంకె పడుతుంది, చీటీ చింపి ఇస్తాడు, లారీ దిగిపోతుంది. ఇంకోటి వచ్చేదాకా అద్దాల గదిలో కూర్చుని, ఫోన్‌లో మొహం కనిపించని చేతులేవో గుమ్మడికాయ కోస్తుంటే చూస్తాడు. నచ్చితే దాచుకుంటాడు. యాభై రెండేళ్ల జీవితంలో పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు.

"బాబాయ్, వాటిల్లో ఒక్కటైనా చేశావా?" అని చీటీ అందుకుంటూ అడిగేవాడు సిమెంటు లారీ డ్రైవరు.

"చేద్దాంలే. తొందరేముంది?"

"మా ఆవిడా ఇంతే బాబాయ్. కసరత్తుల వీడియోలు దాచుకుంటుంది. పడుకుని చూస్తుంది."

పనిలో మాత్రం అతని దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. సరుకు ఎక్కువ చూపించడానికి సీటు వెనక ఇద్దరిని పడుకోబెట్టి తెచ్చేవాళ్లుంటారు. టార్పాలిన్ తడిపి తెచ్చేవాళ్లుంటారు. అతను గది దిగకుండానే కనిపెట్టేస్తాడు. మోసం చేసేవాడు అంకె వైపు చూడడు, ఆకాశం వైపు చూస్తాడు. ఇరవై రెండేళ్లలో అతను నేర్చుకున్న విద్య మొత్తం ఇదే.

ఇంట్లో ఉండేది అతనూ, అక్కా. అతనికి ఎనిమిదేళ్లప్పుడు, ఆమెకి పదిహేడప్పుడు, అమ్మానాన్నా ఏడాది తేడాతో పోయారు. ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది. మళ్లీ లేవలేదనే చెప్పాలి. పెళ్లి మాట ఎత్తినవాళ్లకి ఇద్దరూ 'తర్వాత చూద్దాం' అంటూ వచ్చారు. అడిగేవాళ్లు అడగడం మానేశారు. వీధిలో ఆమె అందరికీ టైలరక్క. ముందు గదిలో మిషను, గోడకి టేపులు, బల్ల మీద రెండు పెద్ద కత్తెరలు, గుడ్డ కదలకుండా పెట్టే ఇనప బిళ్లలు ఆరు. వెనక గదిలో వంట. ఆ గదిలోకి తమ్ముణ్ణి రానిచ్చేది కాదు. "నువ్వు తూచడానికే పనికొస్తావు, పో" అనేది.

అరవై ఒకటో ఏట ఆమె గొంతులో కాన్సరు బయటపడింది. ఆరు వారాలు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. గడ్డ కరిగిందన్నారు. దాంతో పాటు రుచి కూడా పోయింది. నోరంతా పుళ్లు, ఏది పెట్టినా ఇనుము రుచి.

"మేకు చప్పరిస్తున్నట్టుందిరా" అనేది.

చుట్టాలు ఫోన్లు చేసి ధైర్యంగా ఉండమన్నారు. ధైర్యంతో కడుపు నిండుతుందని ఏ డాక్టరూ చెప్పగా వినలేదు. వీళ్ల డాక్టరు ఆమెని తూచి ముప్పై ఎనిమిది కిలోల తొమ్మిది వందలని రాసుకుంది. "మూడు వారాలు చూద్దాం. నలభై దాటితే సరే. లేకపోతే ముక్కులోంచి ట్యూబు వేయక తప్పదు."

"ముక్కుతో తినడానికి నేనేమన్నా ఏనుగునా?" అంది అక్క.

డాక్టరు నవ్వింది. అతను నవ్వలేదు. వార్డులో పక్క మంచం ఆవిడకి ఆ ట్యూబు ఉండేది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆవిడ మొహం వదిలేసి ముక్కుకి అంటించిన ప్లాస్టరుతో మాట్లాడేవాళ్లు. అక్క అదంతా చూసింది. బస్టాపులో ఒకే ఒక్కసారి అడిగింది.

"అది మాత్రం వేయనివ్వకురా."

"వేయనివ్వను" అన్నాడు అతను. ఆ సాయంత్రమే 'తర్వాత' తెరిచాడు.

గుమ్మడికాయ సూపుతో మొదలుపెట్టాడు. వీడియోలో గుమ్మడికాయ మూడు క్షణాల్లో ముక్కలైంది. అతని చేతిలో పావుగంట పట్టింది, బొటనవేలు తెగింది. మిక్సీ మూత సరిగ్గా పడక సూపు సగం గోడ మీదికి పోయింది. మగ్గులో రెండు నిమిషాల కేకు బయటికి రమ్మంటే రాలేదు. చివరికి మగ్గే పగలగొట్టాల్సి వచ్చింది. అరటిపండు ఒక్కటే చాలన్న ఐస్‌క్రీము రాయిలా గడ్డకట్టింది.

"అక్కా, చిటికెడు అంటే ఎన్ని గ్రాములు?"

"నీ చిటికెడా, నా చిటికెడా?"

"వీడియోలో ఆవిడ చిటికెడు."

"అయితే ఆవిడ వేళ్లు తూచి రారా."

కుర్చీలో దుప్పటి కప్పుకుని, గొంతు నొప్పి పెడుతున్నా వెక్కిరించడం మాత్రం మానలేదు. అతను గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. చెంచా ఆమె నోట్లోకి వెళ్లేటప్పుడు తన నోరూ తెరుచుకుంటున్న సంగతి అతనికి తెలియదు. ఆమె నాలుక చివర్న పెట్టుకునేది, కళ్లు మూసుకునేది, తల అడ్డంగా ఊపేది. స్టీలు చెంచా మానేసి ప్లాస్టిక్ చెంచా వాడమని ఒక వీడియో చెప్పింది. వాడాడు. ద్రాక్షపళ్లు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి చప్పరించమని ఇంకోటి చెప్పింది. చప్పరించింది. అయినా మేకు మేకులాగే ఉంది. వంటలో ప్రేమ కలపండి, రుచి అదే వస్తుందని ఒకావిడ ప్రతి వీడియో చివరా చేతులు జోడించి చెప్పేది. ఆవిడవి అరవై ఏడు దాచుకున్నాడు. కోపమొచ్చి అన్నీ చెరిపేశాడు.

వారం తిరిగేసరికి ముప్పై ఎనిమిది కిలోల నాలుగు వందలు.

తొమ్మిదో రోజున గుడ్డు, పాలు, చక్కెర కలిపి ఆవిరి మీద ఉడికించిన కస్టర్డు కుదిరింది. కుదిరిందంటే, గిన్నె వంచితే కారిపోలేదు. అక్క నాలుగు చెంచాలు మింగింది.

"బావుందిరా" అంది.

అతనికి కాళ్లు నేల మీద ఆనలేదు. మర్నాటి నుంచి తెల్లారగట్లే లేచి కస్టర్డు చేసి, గిన్నె ఆమె పక్కన పెట్టి పనికి పోయేవాడు. సాయంత్రం వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. పొద్దున్నే గుమ్మం పక్కన బరువు చూసే మిషను మీద ఆమెని తూచేవాడు. ముప్పై తొమ్మిది. రెండు రోజులకి ముప్పై తొమ్మిదీ మూడు వందలు. ఇంకో రెండు రోజులకి ముప్పై తొమ్మిదిన్నర. లారీ చీటీల వెనకే తేదీ వేసి రాసుకున్నాడు. చలిగా ఉందని ఆమె స్వెట్టరు వేసుకునే మిషనెక్కేది. ఎక్కి, దూలం వైపు చూసేది.

"బాబాయ్, మొహం వెలిగిపోతోందేంటి?" అన్నాడు సిమెంటు డ్రైవరు.

"మా అక్క నలభై దాటింది."

"అరవై దాటిందన్నావుగా?"

"కిలోలురా!"

మూడో వారం గురువారం ఆస్పత్రిలో నర్సు ఆమెని తూకం మిషను ఎక్కించింది. నలభై కిలోల ఆరు వందలు. డాక్టరు కళ్లజోడు పైకి తోసుకుని రెండోసారి చూసింది.

"శభాష్. ఏం పెట్టారండీ?"

"కస్టర్డండీ. రెండు గుడ్లు, పావు లీటరు పాలు..." అని మొదలుపెట్టి, మిషను దిగుతున్న అక్క వైపు గర్వంగా చూశాడు. ఆమె దిగుతూ స్వెట్టరు కుడివైపు అంచుని అరచేత్తో ఒడిసిపట్టుకుంది. అంకె వైపు చూడడం లేదు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తోంది.



డాక్టరు కాగితం మీద రాయబోతోంది. ఇంకో నెల తర్వాత రమ్మంటుంది. ట్యూబు ఉండదు. అతను మాటిచ్చాడు. నోరు మూసుకుంటే చాలు, ఇచ్చిన మాట నిలబడిపోతుంది. అక్క ఫ్యాను మీంచి చూపు దించి అతని వైపు చూసింది. తమ్ముడికి అర్థమైపోయిందని ఆమెకీ అర్థమైంది. వద్దన్నట్టు, కనిపించీ కనిపించకుండా తల ఊపింది.

"డాక్టరుగారూ" అన్నాడు. "ఖాళీ బరువు తీయలేదండీ."

"అంటే?"

"స్వెట్టరు."

నర్సు స్వెట్టరు విప్పి కుర్చీ మీద వేసింది. కుర్చీ ఠంగుమంది. లోపలివైపు రెండు జేబులు. కొత్తవి, చిన్న చిన్న కుట్లతో, పైకి కనిపించకుండా కుట్టినవి. ఆ కుట్టు ఎవరిదో అడగక్కర్లేదు. ఇనప బిళ్లలు ఆరు, కత్తెరలు రెండు. చేతిసంచీలోంచి చేతిగుడ్డలు తీసి పెట్టినట్టు నర్సు వాటిని ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. మళ్లీ తూచారు. ముప్పై ఏడు కిలోల ఎనిమిది వందలు.

ట్యూబు మర్నాడు వేస్తామన్నారు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. సంచిలో కత్తెరలు గతుకు వచ్చినప్పుడల్లా చప్పుడు చేస్తున్నాయి.

"మరి కస్టర్డు?" అన్నాడు చివరికి.

"సింకులో పోశా. మొదటి రోజు నాలుగు చెంచాలు మాత్రం నిజంగానే మింగాను."

"బావుందన్నావు కదక్కా."

"మేకు మేకే. గిన్నె పట్టుకుని నువ్వు నిలబడే తీరు చూడలేక అన్నాను." కిటికీ వైపు తిరిగింది. "రెండ్రోజులకో బిళ్ల వేస్తుంటే అంత సంబరపడ్డావు. లారీకి ఒక్క మనిషి ఎక్కువైతే పట్టేస్తావట కదా. నీ ఎదురుగా రెండున్నర కిలోల ఇనుము మోశాను, పట్టలేదేరా?"

"పట్టాలనుకోలేదేమో."

"మరి ఇవాళెందుకు పట్టావు?"

అతను సంచి ఒళ్లోకి తీసుకుని, కత్తెరలు చప్పుడు చేయకుండా పట్టుకున్నాడు. స్టాపు వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు ట్యూబు వేశారు. ముక్కుకి ప్లాస్టరు అంటించారు. ఇంటికి వచ్చాక అతను, ట్యూబులో పోయమని ఆస్పత్రివాళ్లు ఇచ్చిన పొడి డబ్బా మీది అక్షరాలు మూడుసార్లు చదివాడు. కాచి చల్లార్చిన నీళ్లు రెండు వందల పది మిల్లీలీటర్లు. డబ్బాలో ఉన్న చెంచాతో, అంచుకి సమంగా గీసి, ఆరు చెంచాల పొడి. చిటికెడు అన్న మాట ఎక్కడా లేదు. తూచాడు, కొలిచాడు, కలిపాడు. ఒక్క ఉండ కట్టలేదు. అతని చేత్తో మొదటిసారే తూచినట్టు కుదిరిన వంట అదొక్కటే. దానికి రుచితో పని లేదు.

సిరంజి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. తెల్లటి ద్రవం గొట్టంలో మెల్లగా దిగిపోతోంది. ఈసారి చెంచా లేదు. అయినా అతని నోరు కొద్దిగా తెరుచుకునే ఉంది. కుర్చీలోంచి అక్క అతని మొహాన్నే చూస్తోంది. ఉదయం నుంచీ అతనితో మాట్లాడలేదు.

సిరంజి ఖాళీ అయింది.

"ఒరేయ్" అంది. గొంతులో గొట్టం ఉండడంతో మాట గరగరలాడింది. "ఉప్పు తక్కువైంది."

అతను నిజంగానే ఉప్పు డబ్బా వైపు ఒక అడుగు వేశాడు.