పటిక వేసిన నీళ్లు

“ఎవరు వేయమన్నారు అమ్మమ్మా నిన్ను? అడిగానా నేను?”

“ఒకళ్లు అడగాలేంటే? మురికినీళ్లు కనబడ్డాయి, పటిక తిప్పాను. శుభ్రంగా తేరుకున్నాయి. సంతోషించక ఆ అరుపులేంటి?”

“మురికి కాదది! ఆ రంగు కోసమేగా అంత దూరాన్నించి మోసుకొచ్చింది!”

“రంగునీళ్లకి అంత దూరం వెళ్లాలా? మన బోదెకాలవలో చెంబు ముంచితే రావూ?”

నా మనవరాలు సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పైన నీళ్లు అద్దంలా ఉన్నాయి. రంగంతా మడ్డి కట్టి అడుగుకి దిగిపోయింది.

తను తాడేపల్లిగూడెం బళ్లో సైన్సు చెబుతుంది. ఈ వేసవి సెలవుల్లో, ఉత్తర ధ్రువం దగ్గరి మంచుదేశంలో చెరువుల నీళ్లు పరీక్ష చేసేవాళ్లతో కలిసి వెళ్లొచ్చింది. అక్కణ్ణించి తెచ్చుకున్నది ఈ ఒక్క సీసానే. బడి తెరిచాక పిల్లలకి చూపించాలని ముందురోజు తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టింది. నాకు చెప్పలేదు. పాలగిన్నె కోసం తలుపు తీస్తే ఎదురుగా అది. పారబోయడానికి నాకు చేతులు రావు. కొల్లేటి ఒడ్డున కాపురం చేసినదాన్ని, రంగున్న నీళ్లు కనబడితే నా చెయ్యి పటిక మీదికే పోతుంది. కాలవకి కొత్తనీరు వచ్చినప్పుడల్లా బిందెలో పటికముక్క తిప్పి మూతపెట్టడం మా అత్తగారు నేర్పిన పని. చింతపిక్కంత అయ్యేదాకా ఆ ముక్కని పారేయను.

సాయంత్రం టీ ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది. తనే చెప్పింది.

“అక్కడ ఒక పెద్దావిడ ఇంట్లో ఉన్నాను అమ్మమ్మా. వాళ్లకి తాగడానికి ఇంటెనక చెరువే. ఆవిడ చిన్నప్పుడు అడుగున రాళ్లు లెక్కపెట్టుకునేలా ఉండేదట. ఇప్పుడు వేడెక్కిపోయి, మంచు పడాల్సిన రోజుల్లో వాన పడుతోంది. ఏనాడూ కరగని నేల కరిగిపోయి, మట్టిలో సారమంతా చెరువులోకి దిగి నీళ్లకి ఈ రంగు పడుతోంది. నాకు గ్లాసుతో నీళ్లిస్తూ ఆవిడ ఏమందో తెలుసా? ఏమీ అనుకోకమ్మా, మా నీళ్లు ఇలా ఉండేవి కావు, అంది. మా పిల్లలకి చూపిస్తానని ఆవిడకి మాటిచ్చి తెచ్చాను.”

ఒకప్పుడు ఆ మాట నేనూ అన్నాను. వానల్లేని ఒక ఏడాది సముద్రపునీరు ఉప్పుటేరు మీదుగా ఎగదన్ని, మా మంచినీళ్ల చెరువు ఉప్పుబారిపోయింది. పప్పు ఎంత ఉడకబెట్టినా పలుకు పలుకుగానే ఉండేది. ఆ రోజుల్లోనే మా వియ్యపురాలు వచ్చింది. గ్లాసు చేతికిస్తూ, “ఏమీ అనుకోకండి వదినగారూ, మా నీళ్లు ఇలా ఉండేవి కావండీ” అన్నాను. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను. ఉప్పుకి పటిక పనిచెయ్యదు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వలేకపోవడం ఎంత సిగ్గో మంచుదేశంలో ఉన్న ఆవిడకీ తెలిసిందన్నమాట.

“సీసా ఒకసారి ఊపి చూడవే” అన్నాను.

ఊపింది. విరిగిన పాలలా తునకలు లేచి తిరిగాయి. పాత రంగు రాలేదు. కాసేపటికి మళ్లీ అడుక్కి దిగిపోయాయి.

“ఫోన్లో ఫోటో ఉందిలే” అంది. “కానీ ఫోటో వేరు, చేత్తో పట్టుకుని చూడటం వేరు.”

“అసలు రంగు నీకు బాగా గుర్తుందా?”

“ఎందుకుండదు? పల్చటి డికాషన్‌లా ఉండేది.”

“అయితే పొద్దున్నే లే.”

మర్నాడు పొద్దున, ముందురోజు డికాషన్ తీసి పారేయకుండా ఉంచిన టీపొడినే మళ్లీ మరిగించి వడగట్టాను. గాజుసీసాలో పోసి, ఫోన్లో ఫోటో పక్కన పెట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు కలిపాను. “ఇంకాస్త... ఇంకాస్త... చాలు, అదే అమ్మమ్మా!” అంది.

“అసలువని మటుకు చెప్పకే, అబద్ధమవుతుంది” అన్నాను.

“నాకు తెలీదా?” అని రెండు చీటీలు రాసి అంటించింది. ఒకదాని మీద ‘ఈ రంగులో ఉండేవి: ఇవి టీ నీళ్లు.’ రెండోదాని మీద ‘చెరువు నీళ్లు: మా అమ్మమ్మ పటిక వేశాక.’

“మధ్యలో నేనెందుకే?”

“పిల్లలు అడుగుతారుగా!”

రెండు సీసాలూ తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని గూడెం బస్సెక్కింది. నేను లోపలికొచ్చి బిందెకి పటిక తిప్పుకున్నాను.